ఏ లెవెల్ హిస్టరీ: అన్నీ నోటికి వచ్చినా మార్కులు ఎందుకు పడటం లేదు?

నీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: పన్నెండో తరగతి, కేంబ్రిడ్జ్ ఏ లెవెల్ హిస్టరీ, అందులో ఇంటర్నేషనల్ ఆప్షన్. లీగ్ ఆఫ్ నేషన్స్ (మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత పెట్టుకున్న దేశాల సంఘం) దగ్గర్నుంచి కోల్డ్ వార్ (అమెరికా, సోవియట్ యూనియన్‌ల మధ్య ప్రచ్ఛన్న యుద్ధం) దాకా నోట్స్ అంతా నోటికి వచ్చు. అయినా మొన్న 20 మార్కుల ఎస్సేకి 9 వచ్చాయి, టీచర్ కింద ఎర్ర ఇంకుతో "కథ చెప్పావు, వాదన లేదు" అని రాశారు. పరీక్షలకి ఐదు నెలలుంది. ఇంట్లో నాన్నగారేమో "ఎంపీసీ తీసుకోమంటే విన్నావా" అంటున్నారు.

నేను పదిహేడేళ్ళుగా ఇదే సబ్జెక్టు చెప్తున్నాను, మొదట దోహాలో, తర్వాత హైదరాబాద్‌లో. నువ్వు నా స్టూడెంట్ల వయసే కాబట్టి నువ్వు అనే అంటాను, ఏమీ అనుకోకు. నాన్నగారి సంగతి ఒక్క ముక్కలో తేల్చేద్దాం: లా చదవాలన్నా, సివిల్స్‌లో హిస్టరీ ఆప్షనల్ తీసుకోవాలన్నా (అందులో రెండో పేపర్లో ప్రపంచ చరిత్ర ఉంది) ఇప్పుడు నువ్వు చదివేది వృథా పోదు. అంతకు మించి ఆయనతో వాదన పెట్టుకోకు, మార్కులు వస్తే ఆయనే సర్దుకుంటారు.

ఇక అసలు విషయం. పల్లెటూళ్ళో పొలం గట్టు తగాదా ఎప్పుడైనా చూశావా? చిన్నప్పుడు వేసవి సెలవులకి రేపల్లె దగ్గర మా తాతగారి ఊరు వెళ్తే నాకు అదే సినిమా. పెద్దమనుషులు అరుగు మీద కూర్చునేవాళ్ళు. ఒకాయన "మొన్న ఆదివారం వీడు మా గట్టు చెక్కాడండీ" అని మొదలుపెడితే, రెండో ఆయన "ఆగండాగండి, ముప్పై ఏళ్ళ కింద వీళ్ళ నాన్న సర్వే రాయి పీకి అవతల పాతాడు, అక్కణ్ణుంచి చెప్పమనండి" అనేవాడు. తమాషా ఏంటంటే ఇద్దరూ చెప్పేది నిజమే. గట్టు చెక్కిన మాటా నిజమే, రాయి జరిగిన మాటా నిజమే. పెద్దమనుషులు కథ ఏ రోజు నుంచి వినడానికి ఒప్పుకున్నారో దాన్నిబట్టి సగం తీర్పు అయిపోయేది.

కోల్డ్ వార్‌కి కారకులెవరు అన్న ప్రశ్న అచ్చంగా ఇదే తగాదా. 1945 ఫిబ్రవరిలో అమెరికా, బ్రిటన్, సోవియట్ నాయకులు కలిసిన యాల్టా సమావేశం నుంచి మొదలుపెట్టావనుకో, పోలండ్‌లో స్వేచ్ఛగా ఎన్నికలు జరిపిస్తానని స్టాలిన్ ఒప్పుకున్నాడు, తర్వాత మాట తప్పాడు, తప్పు మాస్కోది. అదే 1918 నుంచి మొదలుపెడితే, రష్యా అంతర్యుద్ధంలో బ్రిటన్, ఫ్రాన్స్, అమెరికా, జపాన్ సేనలు రష్యా గడ్డ మీద దిగాయి, ఆ భయం క్రెమ్లిన్‌లో ఎన్నడూ పోలేదు. 1942 నుంచి మొదలుపెడితే, పశ్చిమాన హిట్లర్ మీద రెండో ఫ్రంట్ తెరవండి మహాప్రభో అని స్టాలిన్ అడుగుతూనే ఉన్నాడు, నార్మండీలో సేనలు దిగింది 1944 జూన్ 6న. ఈలోగా చచ్చిందంతా ఎర్రసైన్యం. 1945 ఆగస్టు నుంచి మొదలుపెడితే హిరోషిమా. ఇందులో ఒక్కటీ అబద్ధం కాదు, అన్నీ నీ నోట్సులో ఉన్నవే. నువ్వు చేసిన పొరపాటల్లా వాటిని వరసగా పేర్చి "ఇలా కోల్డ్ వార్ మొదలైంది" అని ముగించడం. ఎగ్జామినర్ అరుగు మీద కూర్చున్న పెద్దమనిషి. ఏ రోజు నుంచి వినాలో, ఎందుకో నువ్వే ఆయనకి చెప్పాలి.

చరిత్రకారులు కూడా చేసేది ఇదే, కాస్త పెద్ద ఎత్తున. విలియం ఆపిల్‌మన్ విలియమ్స్ అని ఒకాయన 1959లో పుస్తకం రాశాడు. అమెరికాకి ఎప్పుడూ విదేశీ మార్కెట్లు తెరిచి ఉండాలి, కోల్డ్ వార్ వెనక ఉన్నది ఆ పాత ఆకలేనని ఆయన వాదన, అందుకే ఆయన కథ 1890ల నుంచి నడుస్తుంది. జాన్ లూయిస్ గాడిస్ 1972లో రాసిన పుస్తకం శీర్షికలోనే 1941–1947 అని ఉంటుంది, యుద్ధకాలపు నిర్ణయాల్లోంచి తగువు ఎలా పుట్టిందో చూస్తాడు, తప్పు ఒక్కరి నెత్తిన రుద్దడు. అదే గాడిస్ 1997కి వచ్చేసరికి, సోవియట్ యూనియన్ కూలి అక్కడి దస్తావేజులు కొన్ని బయటికొచ్చాక, స్టాలిన్ ఉన్నంతకాలం కోల్డ్ వార్ తప్పేది కాదు అన్న దగ్గరికి వచ్చాడు. మనిషి ఒక్కడే, ఆధారాలు మారాయి, తీర్పు మారింది. నాకు ఈ ఉదాహరణ చాలా ఇష్టం, ఏటా క్లాసులో చెప్తాను, ఏటా ఎవరో ఒకరు "అంటే ముందు రాసింది తప్పా సార్" అని అడుగుతారు, ఆ రోజు క్లాసు బాగా జరుగుతుంది.

మీ పేపర్ 3లో ఒక చరిత్రకారుడి రచనలోంచి ఒక భాగం ఇస్తారు కదా, పేరు లేకుండా. అక్కడ పిల్లలు చేసేది ఏంటంటే రెండు లైన్లు చదివి "ఇతను రివిజనిస్ట్" (అంటే కోల్డ్ వార్‌కి ఎక్కువ తప్పు అమెరికాదే అనే బాపతు) అని బోర్డు తగిలించి, తర్వాత పేజీన్నర రివిజనిజం గురించి వ్యాసం రాసేస్తారు. ఇచ్చిన భాగం పక్కన అనాథలా పడి ఉంటుంది. మార్కులు ఆ భాగంలో ఉన్న పెద్ద వాదన పట్టుకున్నందుకు. ఈయన కథ ఎప్పుడు మొదలుపెట్టాడు, ఎవరి మనసులోకి వెళ్ళి చూస్తున్నాడు (అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ భయాలు వివరంగా చెప్పి స్టాలిన్‌ని బయట నుంచే చూపిస్తున్నాడా, లేక తిరగేసి ఉందా), ఏ క్రియాపదాలు వాడుతున్నాడు అని చూడు. అమెరికా "స్పందించింది" అని ఒకరు రాస్తే, "ఒత్తిడి తెచ్చింది" అని ఇంకొకరు రాస్తారు, జరిగిన సంగతి మాత్రం ఒకటే. బోర్డు చివర్లో తగిలించుకోవచ్చు.

ఇప్పుడు ఎస్సే. నీ ఎస్సే నేను చూడలేదు గానీ, 9 మార్కుల పేరా ఎలా ఉంటుందో నాకు కంఠతా వచ్చు. ప్రశ్న: "లీగ్ ఆఫ్ నేషన్స్ విఫలం కావడానికి అమెరికా చేరకపోవడమే ప్రధాన కారణం. ఎంతవరకు ఒప్పుకుంటావు?" పేరా ఇలా ఉంటుంది:

"అమెరికా చేరకపోవడం ముఖ్య కారణం. లీగ్ ఆలోచన అమెరికా అధ్యక్షుడు విల్సన్‌దే అయినా సెనేట్ ఒప్పుకోలేదు. 1920 మార్చి 19న ఓటింగ్‌లో 49 మంది అనుకూలం, 35 మంది వ్యతిరేకం. మూడింట రెండు వంతులకి 7 ఓట్లు తగ్గాయి. అందువల్ల లీగ్ బలహీనపడింది."

అంకెలన్నీ కరెక్టే. కానీ ఆ చివరి "అందువల్ల" చూడు, పాపం మొత్తం బరువు అదొక్కటే మోస్తోంది. 1920లో వాషింగ్టన్‌లో ఓటు పడితే 1936లో లీగ్ పరువు ఎలా పోయింది? మధ్యలో పదహారేళ్ళు ఏమైనట్టు? వాదన అంతా ఉండాల్సింది ఆ ఖాళీలో. అదే పిల్లవాడి చేత మళ్ళీ రాయిస్తే ఇలా వస్తుంది:

"అమెరికా బయట ఉండటం అసలు నొప్పి పెట్టింది 1935లో. అక్టోబర్ 3న ఇటలీ అబిసీనియా (ఇప్పటి ఇథియోపియా) మీద పడితే నవంబర్‌లో లీగ్ ఆంక్షలు పెట్టింది, అందులో చమురు లేదు. మనం ఆపినా అమెరికా కంపెనీలు అమ్ముతాయి కదా అన్న వాదన బ్రిటన్, ఫ్రాన్స్‌లకి దొరికింది. అంతవరకు ప్రశ్నలో మాట నిజం. కానీ ఇటలీ సైన్యం, సరుకు వెళ్ళింది సూయజ్ కాలువ గుండా. అక్కడ కాపలా బ్రిటన్‌ది, మూయడానికి అమెరికాని అడగక్కర్లేదు, అయినా మూయలేదు. పైగా డిసెంబర్‌లో బ్రిటిష్ విదేశాంగ మంత్రి హోర్, ఫ్రెంచ్ ప్రధాని లావల్ కలిసి అబిసీనియాలో పెద్ద ముక్క ముస్సోలినీకి ఇచ్చే పథకం రాసుకున్నారు. హిట్లర్‌ని అడ్డుకోవాలంటే ఇటలీ తమ వైపు ఉండాలన్నది వాళ్ళ లెక్క. అంటే అమెరికా లేకపోవడం వాళ్ళకి ఒక సాకు ఇచ్చింది, నిర్ణయం మాత్రం లండన్, పారిస్‌లదే."

తేడా కనిపించిందా? రెండో దాంట్లో ఓట్ల లెక్కలేవీ లేవు. కానీ ప్రశ్నలో మాటని ఎంతవరకు ఒప్పుకోవాలో అక్కడిదాకా ఒప్పుకుని, అక్కడ గీత గీసింది. ఇంకో మెట్టు ఎక్కాలంటే, 1888 ఒప్పందం ప్రకారం యుద్ధంలో కూడా కాలువ అందరికీ తెరిచే ఉండాలి కదా అన్న ఎదురు వాదన ఒక లైన్‌లో ఎత్తి, యుద్ధానికి భయపడ్డ దేశాలకి ఆ ఒప్పందం కూడా సాకేనా కాదా అని నువ్వే తేల్చు. (లీగ్ అంటే మనకి సంబంధం లేని తెల్లదొరల క్లబ్ అనుకునేవు, వలస దేశమై ఉండి కూడా ఇండియా అందులో మొదటి నుంచీ సభ్య దేశం. సర్వేపల్లి రాధాకృష్ణన్ ఆంధ్రా యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్‌గా ఉన్న రోజుల్లోనే లీగ్ మేధో సహకార కమిటీలో కూడా ఉన్నారు. పరీక్షకి పనికిరాదు, తెలిస్తే బాగుంటుందని చెప్పా.)

నోట్స్ గురించి. నేను టీచింగ్‌లో చేరిన మొదటి ఏడాది ఒక స్కూల్లో టాపిక్ వారీగా అందమైన నోట్స్ తయారుచేసి జిరాక్సులు పంచాను. పిల్లలు శ్రద్ధగా బట్టీ పట్టారు, రిజల్ట్స్ చూసి ప్రిన్సిపాల్ నన్ను గదిలోకి పిలిచారు. తప్పు నాదే. టాపిక్ వారీ నోట్సులో ఒక అధ్యాయం తలుపు వేస్తే గానీ ఇంకోటి తెరుచుకోదు, కాలం అలా నడవదు. అప్పట్నుంచి నేను చేయించేది ఇది: ఏ3 కాగితం అడ్డంగా పెట్టి, పైన లండన్, వాషింగ్టన్, మాస్కో అని నిలువు గళ్ళు, పక్కన నెలలు. 1945 ఫిబ్రవరి నుంచి 1949 అక్టోబర్ దాకా. పుస్తకం చూడకుండా నింపు, తర్వాత చూసి వేరే రంగు పెన్నుతో ఖాళీలు పూరించు. మొదటిసారి సగం కాగితం తెల్లగా ఉంటుంది, టెన్షన్ పడకు.

దీని వల్ల ఏం కనిపిస్తుందో ఒక్క వారం చూపిస్తాను. 1947 ఫిబ్రవరి. బ్రిటన్‌లో ఘోరమైన చలి, మంచు, బొగ్గు గనుల దగ్గరే ఇరుక్కుపోయింది, ఫ్యాక్టరీలకి కరెంటు లేదు, ఇళ్ళల్లో రోజూ కొన్ని గంటలు కోత. యుద్ధం గెలిచిన దేశం, చేతిలో డబ్బుల్లేవు, ముందటేడాదే అమెరికా దగ్గర 375 కోట్ల డాలర్ల అప్పు తెచ్చుకుంది. ఫిబ్రవరి 18న విదేశాంగ మంత్రి బెవిన్ పాలస్తీనా సమస్య ఐక్యరాజ్యసమితికి అప్పగిస్తున్నామన్నాడు. 20న ప్రధాని అట్లీ 1948 జూన్ లోపు ఇండియాలో అధికారం అప్పగిస్తామని ప్రకటించాడు. 21న వాషింగ్టన్‌కి బ్రిటన్ నోట్ వెళ్ళింది: గ్రీస్, టర్కీలకి మేం ఇస్తున్న సాయం మార్చి 31 తర్వాత ఇవ్వలేం, మీరు చూసుకోండి. మార్చి 12న ట్రూమన్ కాంగ్రెస్ ముందు నిలబడి ఆ రెండు దేశాలకి 40 కోట్ల డాలర్లు అడిగాడు, దాన్నే ట్రూమన్ డాక్ట్రిన్ అంటున్నాం.

నాలుగు రోజుల్లో మూడు చోట్ల నుంచి చేతులెత్తేసింది ఒకే ఖాళీ జేబు. మనం చిన్నప్పటి నుంచి అట్లీ ప్రకటనని స్వాతంత్ర్య పోరాటం పాఠంలో చదువుతాం, ట్రూమన్‌ని కోల్డ్ వార్ పాఠంలో, పాలస్తీనా ఇంకెక్కడో. మన స్వాతంత్ర్యం లండన్ బొగ్గు కొరత వల్ల వచ్చిందని నేను అనడం లేదు, అలా రాస్తే ఎగ్జామినర్ కాదు, నేనే మార్కులు కోస్తా. కానీ ట్రూమన్ డాక్ట్రిన్ కథని మార్చి 12 నుంచి మొదలుపెడితే అది కమ్యూనిజం మీద అమెరికా యుద్ధప్రకటన లాగా కనిపిస్తుంది, ఫిబ్రవరి 21 నుంచి మొదలుపెడితే దివాలా తీసిన పెద్దన్న బరువు తమ్ముడి భుజం మీదకి మారినట్టు కనిపిస్తుంది. మళ్ళీ గట్టు తగాదాయే. "ట్రూమన్ డాక్ట్రిన్ సోవియట్ విస్తరణకి ప్రతిస్పందనేనా?" అని అడిగితే ఈ రెండు మొదళ్ళూ పెట్టి, ఏది బలమైనదో చెప్తే చాలు, ఎస్సే నిలబడుతుంది.

సోర్సుల ప్రశ్నల్లో కూడా పెద్ద మాటల కంటే చిన్న వివరం పనిచేస్తుంది. "ఇది చర్చిల్ చెప్పాడు కాబట్టి పక్షపాతం ఉంది" అని రాస్తే సున్నాకి దగ్గర. 1946 మార్చి 5న అమెరికాలోని ఫుల్టన్‌లో "ఇనుప తెర" (యూరప్‌ని సోవియట్ వైపు, పశ్చిమం వైపు అని రెండుగా చీల్చిన గీత) ప్రసంగం చేసేటప్పటికి చర్చిల్ ప్రధాని కాదు, ఎనిమిది నెలల కిందటే ఎన్నికల్లో ఓడి ప్రతిపక్ష నాయకుడిగా ఉన్నాడు. నా పిల్లల్లో సగం మంది ఇక్కడ జారిపడతారు. అయితే వేదిక మీద పక్కన ట్రూమన్ కూర్చున్నాడు. మరి అది ఎవరి గొంతు? అక్కడ ఆగి ఆలోచించి రెండు వాక్యాలు రాయి, చాలు.

ఇంకోటి, ఇది నాకు బాగా నచ్చిన సోర్స్. 1944 అక్టోబర్, మాస్కో. చర్చిల్ ఒక చిన్న కాగితం మీద రాసి బల్ల మీద స్టాలిన్ వైపు తోశాడు: రొమేనియాలో 90 శాతం రష్యా మాట, గ్రీస్‌లో 90 శాతం బ్రిటన్ మాట, యుగొస్లావియా, హంగరీల్లో సగం సగం, బల్గేరియాలో 75 శాతం రష్యా. స్టాలిన్ నీలం పెన్సిల్ తీసి పెద్ద టిక్కు పెట్టి వెనక్కి తోశాడు. మన కల్లాల్లో పంటలో వాటా పంచుకున్నట్టు దేశాలు పంచేసుకున్నారు. ఇంత రుచికరమైన కథ దొరికితే పిల్లలు ఆగరు, ఎక్కడ పడితే అక్కడ వాడేస్తారు. వాడే ముందు మూడు సంగతులు చూసుకో. ఒకటి, ఈ పెన్సిల్ దృశ్యం లోకానికి తెలిసింది చర్చిల్ జ్ఞాపకాల వల్ల, ఆ సంపుటం వచ్చింది 1953లో, అప్పటికి ఆయన మళ్ళీ ప్రధాని, గ్రీస్‌ని తానే కాపాడానన్న పేరు ఆయనకి కావాలి. రెండు, చీటీలో పోలండ్ లేదు. అందరూ తర్వాత కొట్టుకున్నది పోలండ్ గురించే. మూడు, ఆ చీటీ ప్రకారం ఎవరు నడుచుకున్నారు? డిసెంబర్‌లో బ్రిటిష్ సైన్యం ఏథెన్స్‌లో కమ్యూనిస్టు గెరిల్లాలతో పోరాడుతుంటే స్టాలిన్ కిక్కురుమనలేదు. 1945 మార్చిలో రొమేనియా రాజు మెడ మీద కత్తిపెట్టి మాస్కో తనకి కావాల్సిన ప్రభుత్వాన్ని పెట్టించుకుంటే చర్చిల్ గట్టిగా గొంతెత్తలేకపోయాడు. ఇవి పక్కన పెట్టావంటే చీటీ కథ గాసిప్ స్థాయి దాటి ఆధారం అవుతుంది.

టైమ్ గురించి: ఎక్కువ రాస్తే ఎక్కువ మార్కులన్న భ్రమ మన ఇంటర్ సిస్టమ్ నుంచి వచ్చింది, అడిషనల్ షీట్లు లెక్కపెట్టే అలవాటు. ఇక్కడ మొదటి ఐదు నిమిషాలు పెన్ను కింద పెట్టి నీ తీర్పు ఏంటో మనసులో తెలుగులోనే అనుకో. నిజంగా చెప్తున్నా, తెలుగులోనే. ఇంగ్లిష్‌లో ఆలోచిస్తే నోట్సులో వాక్యాలు వచ్చి కూర్చుంటాయి. "అమెరికా సాకు మాత్రమే, అసలు దోషులు బ్రిటన్, ఫ్రాన్స్" అని తెలుగులో అనుకోగలిగితే నీకు వాదన ఉన్నట్టు. అనుకోలేకపోతే ఇంకా లేదు, ఇంకో రెండు నిమిషాలు తీసుకో. పాస్ట్ పేపర్లు మీ టీచర్‌ని అడుగు, సిలబస్ ఏ సంవత్సరానిదో చూసుకుని మరీ చెయ్యి, టాపిక్‌లు మారుతుంటాయి.

ఈ ఆదివారానికి ఒక పని ఇస్తాను. బర్లిన్ దిగ్బంధం (పశ్చిమ బర్లిన్‌కి వెళ్ళే రోడ్లు, రైళ్ళు రష్యన్లు మూసేయడం), 1948 జూన్ 24. దానికి మూడు మొదళ్ళు వెతుకు. ఒకటి నేనే చెప్తా: దానికి కొన్ని రోజుల ముందు జర్మనీలో అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్ చేతుల్లో ఉన్న పశ్చిమ జోన్లలో కొత్త కరెన్సీ తెచ్చారు. రెండోదానికి యాల్టాలో స్టాలిన్ జర్మనీ నుంచి అడిగిన నష్టపరిహారం లెక్క చూడు. మూడోది నువ్వే పట్టుకో. విమాన మార్గాల గురించి 1945 నవంబర్‌లో రాతపూర్వక ఒప్పందం ఉంది, రోడ్లకి, రైళ్ళకి అలాంటిది లేదు, రష్యన్లు రోడ్లు మూసి విమానాలని ఎందుకు వదిలేశారో అక్కడ కొంత దొరుకుతుంది. మూడు మొదళ్ళకీ మూడు పేరాలు, ఒక్కో పేరా పైన "నేను ఈ రోజు నుంచి ఎందుకు మొదలుపెట్టాను" అని ఒక లైన్. చేత్తో రాసి ఫోటో పెట్టు, టైప్ చెయ్యకు. సోమవారం సాయంత్రం నాకు క్లాసులు లేవు, కూర్చుని దిద్దుతాను.